పూజలోంచి లేచిన పానా

ఆ రోజు నేను చేసిన తప్పు ఇది. విశ్వకర్మ పూజ నాడు, పసుపూ కుంకుమా పెట్టి ఎర్రగుడ్డ మీద పడుకోబెట్టిన పానాని నూకరాజు మావయ్య చేత ఎత్తించాను. అది ఆయన చేసిన సైకిలు బిగించడానికైతే దేవుడు కూడా చూసీచూడనట్టు ఊరుకునేవాడేమో. ఆయన సైకిళ్లని కాదని, ఆయనకి చెప్పకుండా, నేను రాయపూర్‌లో కొనుక్కొచ్చిన సైకిళ్లు బిగించడానికి ఎత్తించాను. కారఖానా ఊళ్లో పుట్టనివాళ్లకి ఇందులో అంత ఘోరం ఏముందో అర్థం కాదు. భిలాయిలో ఆ ఒక్క రోజు ఇనుముకి సెలవు. ఏడాదంతా మనిషి మాట విన్న సుత్తి, ఆకురాయి, రంపం, పానా ఆ రోజు కడిగించుకుని, నూనె రాయించుకుని, బొట్టు పెట్టించుకుని పడుకుంటాయి. మర్నాడు పొద్దున్న దాకా వాటిని ముట్టుకోకూడదు. దేవుడంటే నమ్మకం లేనివాళ్లు కూడా ముట్టుకోరు. యూనియన్ నాయకుల్లో నాస్తికులు ఉండేవారు. వాళ్లూ ముట్టుకునేవారు కాదు. సెలవంటే సెలవే కదా అనేవారు.

ఈ సంగతి ఇప్పుడు రాయడానికి కారణం పోయిన నెల భిలాయిలోని రుఆబాంధా వెళ్లడం. నూకరాజు మావయ్య పోయాక పైడమ్మ అత్తని చూడడానికి వెళ్లాను. ఆవిడ ఏడవలేదు. టీ ఇచ్చి, పెరట్లోకి వెళ్లి, కాటన్ వేస్టులో, అంటే నూనె తుడిచే నూలు పీచులో, చుట్టిన పానా ఒకటి తెచ్చి నా ఒళ్లో పడేసింది. "ఇది నీది బాబ్జీ. అట్టుకెల్లు. మీ మావయ్య పొయ్యేముందు సెప్పినాడు, మిగతావి ఎవులికైనా ఇయ్యి, ఇది మాత్రం ఆ ఎదవకియ్యి అని." ఎదవ అన్న మాట దగ్గర కొంచెం నవ్వింది కూడా. పానా మెడ దగ్గర గాడిలో ఎర్రగా ఏదో ఇరుక్కుని ఉంది. తుప్పో, కుంకుమో చెప్పలేను. భిలాయిలో ఆ రెండింటికీ తేడా తెలుసుకోవడం ఎప్పుడూ కష్టమే.

మేము సెక్టర్ 4 క్వార్టర్లో ఉండేవాళ్లం. అమ్మ ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి లేత ఎరుపులోకి దిగేది. ఉక్కు ప్లాంటు గాలి అటూ ఇటూ తిరిగే రోజుల్లో ఆవిడ బట్టలు ఉతకడం మానేసి, గాలిని తిట్టడం మొదలుపెట్టేది. జాముల్ నుంచి వచ్చే చుట్టాలు సిమెంటు దుమ్ముతో తెల్లగా, మేము ఇనుప దుమ్ముతో ఎర్రగా, పెళ్లిళ్లలో పక్కపక్కన కూర్చుంటే సున్నమూ జాజూ పూసిన అరుగులా ఉండేవాళ్లం. నాన్నకి నైట్ షిఫ్టు ఉన్న వారమంతా ఇంట్లో పగలు ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. ప్రెషర్ కుక్కర్ కూడా రెండు విజిళ్లతో సరిపెట్టుకోవాలి. పప్పు ఉడికేది కాదు. ఆ వారం మేము పప్పు నమిలేవాళ్లం. ఎండుచేపలు వేయించిన రోజు పక్క క్వార్టర్ శుక్లాగారు కిటికీలు మూసుకునేవారు. ఆయన కిటికీలు మూసిన చప్పుడు వింటే మాకు ఆకలి వేసేది. నాకు హిందీ వచ్చినంత బాగా తెలుగు వచ్చేది కాదు అప్పట్లో. అమ్మతో తెలుగు, నాన్నతో తెలుగూ భయమూ, మిగతా లోకంతో హిందీ.

నూకరాజు మావయ్య అమ్మకి తోడబుట్టినవాడు కాదు. నాన్నా ఆయనా రాజాం దగ్గర పక్కపక్క ఊళ్లవాళ్లు. ఇద్దరూ ఒకే రైల్లో, ఒకే బెర్తు కింద పడుకుని భిలాయి వచ్చారట. ఆ మాత్రం చుట్టరికం చాలు ఇక్కడ. ఆయన ప్లాంటు మెషిన్ షాపులో ఫిట్టరు. మా రాష్ట్రం కొత్తగా పుట్టిన రోజుల్లో, ఇంకా సర్వీసు ఉండగానే వాలంటరీ రిటైర్మెంటు తీసుకుని, క్వార్టర్ ఖాళీ చేసి, రుఆబాంధాలో రెండు గదుల ఇల్లు వేసుకున్నాడు. ఇల్లు రెండు గదులు, వెనక రేకుల షెడ్డు మాత్రం మూడు గదులంత. పైడమ్మ అత్త అందరికీ చెప్పుకునేది: "నన్ను వొరండాలో ఎట్టి, పానాలకి పెద్దగది ఇచ్చినాడు."

ఒకసారి ఊళ్లో దిగిన సర్కస్ వాళ్ల ఒంటిచక్రం సైకిలు విరిగితే ఎవరో ఆయన దగ్గరికి పంపారు. దాన్ని బాగుచేసి పంపించి, రెండు రోజులు నిద్రపోలేదట. మూడోరోజు తనూ ఒకటి చెయ్యడం మొదలుపెట్టాడు. పిల్లల సైకిలు రిమ్ము, పాత ఫోర్కు తలకిందులుగా, లేతుమీద తనే తీసిన ఇరుసు, లారీ టైరు కోసి కుట్టిన సీటు. ఆ సీటు గురించి నిజం చెప్పాలి: దానిమీద పావుగంట కూర్చున్నవాడు తర్వాత రెండు రోజులు నిలబడి భోంచేసేవాడు. బరువు కూడా తక్కువేం కాదు. అయితే ఆయన చేసే ప్రతి సైకిలూ ఒక మనిషి కోసమే చేసేవాడు. ఎక్కబోయేవాణ్ణి గోడకి నిలబెట్టి, తుంటి నుంచి మడమ దాకా దారంతో కొలిచి, ముడివేసి, అట్టముక్క మీద పేరు రాసి మేకుకి తగిలించేవాడు. షెడ్డు గోడ నిండా మనుషుల కాళ్లు వేలాడుతూ ఉండేవి. నా దారం అక్కడ లేదు. నేనెప్పుడూ ఎక్కలేదు. నేను సెక్రటరీని.

మా ఉత్తరాంధ్ర కుర్రాళ్ల సంఘానికి సెక్రటరీ అంటే రబ్బరు స్టాంపు జేబులో పెట్టుకుని తిరిగేవాడు. పని లేదు, ఇరవైమూడేళ్లు, అప్రెంటిస్ పిలుపు కోసం ఎదురుచూపు. విశ్వకర్మ పూజ సాయంత్రం గ్రౌండులో మా సంఘం తరఫున ఐదుగురు ఒంటిచక్రం మీద తిరుగుతారని ముందే నిర్ణయమైంది. నూకరాజు మావయ్య ఐదుగురి కాళ్లూ కొలిచాడు. కూలి ఊసెత్తలేదు. "మన గుంటలు తొక్కితే సాలు," అన్నాడు. గుంటలంటే మా వైపు పిల్లలు. ఒక్కోదానికి రెండు వారాలు పట్టేది. ఇంతలో నేను రాయపూర్ వెళ్లాను. రాయపూర్ అప్పుడే రాజధాని అయింది. బండ్ల నంబర్లు మారాయి, బోర్డులు మారాయి, పాన్ డబ్బావాడు కూడా మాట తీరు మార్చుకున్నాడు. అక్కడ ఒక ఆటవస్తువుల కొట్టు అద్దాల వెనక, వెండిలా మెరుస్తూ, ఎరుపూ నీలం సీట్లతో, విదేశం నుంచి దిగిన ఒంటిచక్రాలు. ధర చూస్తే మావయ్య సైకిలుకి పట్టే విడిభాగాల ఖర్చు కూడా కాదు. నాకు ఒంట్లో జ్వరంలాంటిదేదో వచ్చింది. చందాల డబ్బుతో ఐదూ కొనేశాను. అట్టపెట్టెల్లో, ముక్కలుగా వచ్చాయి.

కొనడం తప్పని ఇప్పటికీ అనుకోను. చెప్పకపోవడం తప్పు. పెట్టెలు తెచ్చి నాన్న మంచం కింద దాచాను. ఆ వారం ఆయనది నైట్ షిఫ్టు. పగలు ఆయన పైన గుర్రు పెడుతూంటే, నేను మంచం కింద బోర్లా పడుకుని చప్పుడు లేకుండా సైకిళ్లు బిగించాను. చీకట్లో, పడుకుని, పెట్టెలో వచ్చిన రేకుముక్క లాంటి చిన్న పానాతో. బొమ్మల కాగితం ఉంది గానీ చూడలేదు. చివరి నట్టు దగ్గర ఆ పానా వంగిపోయింది. అమ్మ చూసి, "ఆ మావయ్యకి సెప్పినావా?" అంది. చెప్తాలే అన్నాను.

చెప్పడానికే వెళ్లాను. షెడ్డులో వేడి ఇనుము మీద నీళ్లు పడిన వాసన. ఆయన నాలుగోది బిగిస్తున్నాడు. నన్ను చూసి కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "రా, బేగి రా, నీ కోసమే సూస్తన్నాను. రంగు ఏటి ఎయ్యమంటావు?" అన్నాడు. అప్పుడు నేను చెప్పవలసిన మాట ఒక్కటే. గొంతు దాకా వచ్చింది కూడా. "నలుపు," అన్నాను. "నలుపా! మంచిది. మాసినా కనపడదు," అని ఆయన సంబరపడి, నా చేతికి పల్లీ ఉండ ఇచ్చాడు. అది తింటూ ఇంటికి వచ్చాను. ఆ ఉండ బాగుంది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టే సంగతి.

పూజ రోజు వచ్చింది. పైడమ్మ అత్త కత్తిపీట, రోలు, అట్లకాడ కూడా కడిగి బొట్టుపెట్టి మావయ్య పానాల పక్కన పడుకోబెట్టింది. "నీ ఇనుముకేనా సెలవు, నా ఇనుముకి లేదేటి?" అని ఏటా అదే మాట. అందుకని ఆ రోజు వాళ్లింట్లో పొయ్యి వెలగదు. ఎవరి మండపంలో ఖిచిడీ పెడితే అక్కడ తినేవారు. మధ్యాహ్నం గ్రౌండులో నేను మైకు పట్టుకుని, మొట్టమొదటిసారి మన సెక్టర్లో ఫారిన్ సైకిళ్లు అని హిందీలో మూడుసార్లు చెప్పాను. ఐదు మెరుపు సైకిళ్లూ షామియానా కింద వరసగా నిలబెట్టాను. ముఖ్య అతిథి ఒక కాంట్రాక్టరు. పిలవడానికి వెళ్లినప్పుడు ఆయనకి కూడా ఫారిన్ అనే చెప్పాను.

నాలుగింటికి నూకరాజు మావయ్య వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట పెద్ద బొట్టు. ఠేలా బండి తనే తోసుకుంటూ వచ్చాడు. దాని మీద ఐదు నల్ల సైకిళ్లు, ఒక్కోదానికీ చిన్న బంతిపూల దండ. ఠేలా ఆపి, షామియానా కింద ఉన్నవాటిని చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయన కోపంగా చూసి ఉంటే నాకు ఏదో ఒక అబద్ధం దొరికేది. ఆయన కొత్త యంత్రాన్ని చూసినట్టు వంగి, ఇరుసు వేలితో తట్టి చూశాడు.

"ఇవి ఎక్కడివిరా?"

"రాయపూర్ నుంచి మావయ్యా. అంటే... కమిటీ వాళ్లు..."

కమిటీ అంటే నేనే. ఆయనకి తెలుసు.

"మెరుస్తన్నాయి," అన్నాడు. అంతే. ఠేలా నీడలోకి తోసి దాని పక్కనే కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే జోసెఫ్ పడ్డాడు. జోసెఫ్ మా వాళ్లందరిలో బాగా తొక్కేవాడు; వాళ్ల నాన్న కాకినాడ నుంచి వచ్చి ప్లాంటు ఆస్పత్రిలో పనిచేసేవారు, అయినా వాణ్ణి మా సంఘంలో కలుపుకున్నాం. చర్చి కుర్రాడైనా విశ్వకర్మ పూజకి అందరికన్నా ముందు వచ్చేవాడు, బూందీ కోసం. ప్రాక్టీసుకని మెరుపు సైకిలెక్కి పది గజాలు వెళ్లాడో లేదో, ఎడమ పెడలు ఊడి ఎగిరిపోయింది, వాడు మోకాళ్ల మీద మట్టిలో పడ్డాడు.

"అరే యార్! పెడల్ నికల్ గయా!" అని లేచి, మోకాలి రక్తం చూసుకుని, నా వంక చూశాడు. "బాబ్జీ భయ్యా, ఇది ఫారినా, నీ మొహమా?"

ఊరంతటా ఆ రోజు మెకానిక్ షాపులు మూత, ప్రతి పానా బొట్టు పెట్టించుకుని పడుకుంది. నా రేకు పానా వంగిపోయింది. ఠేలా మీద ఐదు నల్ల సైకిళ్లు పూలదండలతో, జోసెఫ్ కాలికి సరిగ్గా సరిపోయేది కూడా, పది అడుగుల దూరంలో ఉన్నాయి. బుద్ధి ఉన్నవాడెవడైనా ఏం చేస్తాడు? నేను నూకరాజు మావయ్య దగ్గరికి వెళ్లి, "మావయ్యా, ఒక్కసారి నీ పానా తెచ్చి వీటిని బిగిస్తావా? ముఖ్య అతిథి వచ్చేస్తున్నాడు. ఫారిన్ అని చెప్పేశాను," అన్నాను.

జోసెఫ్ నోరు తెరిచి ఉండిపోయాడు. చర్చి కుర్రాడికి కూడా తెలిసింది.

మావయ్య మెల్లగా అన్నాడు: "ఈయాల పానా లెగదు బాబూ."

"అది తెలుసు మావయ్యా. కానీ వాళ్లు ఎక్కకపోతే నా పరువు పోతుంది. బిగించకపోతే ఇలాగే తొక్కించేస్తాను మరి."

ఆ చివరి మాట ఎందుకన్నానో తెలియదు. బెదిరింపు అని కూడా అప్పుడు తోచలేదు. ఆయన జోసెఫ్ మోకాలు చూశాడు. మిగతా నలుగురినీ చూశాడు. లేచి, ఎవరిదో సైకిలు తీసుకుని రుఆబాంధా వెళ్లి, అరగంటలో తిరిగొచ్చాడు. చేతిలో కాటన్ వేస్టులో చుట్టిన పానా. దాని మీద కుంకుమ ఇంకా తడిగా ఉంది. చొక్కా చివరతో ఆ బొట్టు తుడిచాడు. ఆయన పెదవులు కదిలాయి, ఎవరితో ఏం చెప్పుకున్నాడో వినపడలేదు.

చక్రం వంక చూడగానే నవ్వాడు. బాగా చేదుగా ఉన్న కషాయం తాగి నవ్వినట్టు.

"సైకిలు తప్పు కాదురా ఇది. మంచిదే. బేరింగు ఈ ఊళ్లో దొరకదు ఇలాటిది. నువ్వు సక్రం తిరగేసి పెట్టీసినావు. ఎడమది కుడికీ కుడిది ఎడమకీ వొచ్చీసినాది. ఎడమ పెడలుకి మర ఎదురు తిరుగుతాది, తొక్కిన కొద్దీ బిగుసుకోవాల. నువ్వు పెట్టినదానికి తొక్కిన కొద్దీ ఊడతాది."

"ఒక్కదానికేనా?"

"అయిదింటికీ. ఒకే తెలివి కదా అయిదింటికీ వాడినావు."

నేను చెయ్యి చాపి, నేను బిగిస్తాను ఇమ్మన్నాను. "నువ్వు ముట్టుకుంటే ఆరోది కూడా తిరగబడతాది. కూకో," అన్నాడు. ఐదు సైకిళ్లకీ నట్లు విప్పి, చక్రాలు తీసి, తిప్పి పెట్టి, మళ్లీ బిగించాడు. ఇరవై నట్లు. ప్రతి నట్టుకీ ఆ పూజలోంచి లేచిన పానా తిరిగింది. ఊడిపోయిన పెడలు మర కొంచెం నలిగితే, దారం చుట్టి బిగించాడు. షామియానా కింద పెద్దవాళ్లు చూసి మొహం తిప్పుకున్నారు.

కార్యక్రమం బ్రహ్మాండంగా జరిగింది. అదే మరీ ఘోరం. ఎవరూ పడలేదు. చప్పట్లు. కాంట్రాక్టరు నా మెడలో దండ వేసి, మీలాంటి కుర్రాళ్లే కొత్త రాష్ట్రానికి కావాలి అన్నాడు. దండ బంతిపూలదే. నేను దాన్లోంచి చూస్తూంటే నూకరాజు మావయ్య ఐదు నల్ల సైకిళ్లున్న ఠేలా తోసుకుంటూ గేటు దాటుతున్నాడు. ఆయన సైకిళ్ల పూలు కూడా అవే.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. ఆయన నన్ను ఎప్పుడూ కొట్టలేదు, తిట్టలేదు. కంచం పక్కకి జరిపి, "నూకరాజు చేత పానా ఎత్తించినావా?" అన్నాడు. నేను తల ఊపాను. చెయ్యి కడుక్కున్నాడు. సగం అన్నం అలాగే ఉంది.

మర్నాడు మావయ్య షెడ్డు తియ్యలేదు. ఆ మర్నాడూ తియ్యలేదు. వారం అయ్యాక అమ్మ వెళ్లి అడిగితే పైడమ్మ అత్త చెప్పింది: "వొక్కరోజు పడుకోనీలేదు కదా, ఇంక పడుకోనీ అంటన్నాడు. నానింక వాటిని ముట్టుకోను, వాటికి నా మీద నమ్మకం పోనాది అంటన్నాడు. పగలంతా వొరండాలో నా పక్కన కూకుని నా మొహం సూస్తన్నాడు. ఓలమ్మో, నాకు పిచ్చెక్కిపోతంది వొదినా." ముప్ఫై ఏళ్లు పానా పట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషిని నేను రోడ్డు మీద నుంచి చూశాను. లోపలికి వెళ్లలేదు. అప్పటికీ పిరికితనం పోలేదు.

దిద్దుకోవడానికి మొదట చేసిన పని వింటే మీరు పుస్తకం మూసేస్తారు. మంచి పానాల సెట్టు ఒకటి కొని, రంగు కాగితం చుట్టి తీసుకెళ్లాను. ఆయన విప్పి, తిరగేసి, పిడి మీద అచ్చు చదివి, పైడమ్మ అత్తని పిలిచాడు. "ఇలా సూడు. ఇదీ ఆ దేశం నుంచే తెచ్చినాడు. ఒలే, నిన్ను కూడా మార్చీసి అక్కడ నుంచి ఇంకోదాన్ని తెస్తాడేటో!" ఆవిడ పడీపడీ నవ్వింది. నేను ఏడ్చాను. ఏడుస్తూనే అన్నీ చెప్పాను: రాయపూర్, నాన్న మంచం కింద పెట్టెలు, నలుపు రంగు, పల్లీ ఉండ. క్షమించు మావయ్యా అన్నాను.

"నాతో ఏటికి? ఎల్లి దానితో సెప్పు," అని షెడ్డు తాళం నా ముందు పడేశాడు.

తాళం తీశాను. ఎర్రగుడ్డ మీద పనిముట్లన్నీ వరసగా అలాగే పడుకుని ఉన్నాయి, బొట్లు ఎండి పెచ్చులు లేస్తున్నాయి. ఇరవైమూడేళ్ల సెక్రటరీ ఒక పానాకి చేతులు జోడించి, హిందీ యాస తెలుగులో, తప్పయింది అని చెప్పాడు. పానా ఏమీ అనలేదు. వెనక నుంచి మావయ్య అన్నాడు: "అది నా సేతికి రాదింక, మళ్లీ పూజ అయ్యేదాకా. నీకు పనుంటే నువ్వట్టుకో."

నాకు పనుంది. ఆ ఐదు మెరుపు సైకిళ్లూ కుర్రాళ్లు తొక్కుతూ రోజుకొకటి వదులు చేసుకుంటున్నారు. వాటిని షెడ్డుకి తెచ్చాను. మావయ్య స్టూలు మీద కూర్చుని, ఒక్క పనిముట్టూ ముట్టుకోకుండా, నోటితో చెప్పేవాడు. నేను చేసేవాణ్ణి. ఏడాది పాటు ఆయన చేతులు నావి. రిమ్ము వంకర తీయడం, చక్రం పుల్లలు లాగడం, ఇరుసుకి గ్రీజు పెట్టడం. తప్పు చేస్తే "కమిటీ!" అని కేకేసేవాడు. ఆ ఏడాది నా పేరు అదే. సాయంత్రం ప్రతి పనిముట్టూ తుడిచి దాని మేకుకే తగిలించాలి. ఒకటి తప్పు మేకుకి వెళ్తే మొత్తం మళ్లీ. మెరుపు సైకిళ్ల ఎత్తు కుర్రాళ్ల దారాలకి సరిపోక, సీటు గొట్టాలు కోసి, మా నల్లవాటివి అతికించాం. వాటి మెత్తటి సీట్లు తీసి నల్లవాటికి పెట్టాం. చివరికి ఏది ఏ దేశానిదో చెప్పడం కష్టమైపోయింది. జోసెఫ్ కూర్చుని చూసి, "హల్లెలూయా, కూర్చోవచ్చు," అన్నాడు.

ఇప్పుడు అలాంటి చక్రం ఫోన్లో నొక్కితే ఇంటికొస్తుంది, లోపల బొమ్మల కాగితంతో. ఆ కాగితం నేను ఇప్పుడు చదువుతాను. రెండుసార్లు చదువుతాను. అందులో అన్నీ ఉంటాయి, ఎక్కేవాడి కాలు ఎంత పొడుగో తప్ప. లారీ టైరు సీటు రోజులే బాగున్నాయని నేననను. నా స్నేహితుల నడుములు ఆ మాట ఒప్పుకోవు.

మళ్లీ విశ్వకర్మ పూజ వచ్చింది. పనిముట్లు నేనే కడిగాను, నేనే నూనె రాశాను, ఎర్రగుడ్డ పరిచి పడుకోబెట్టాను. అత్త కత్తిపీటకి నేనే బొట్టు పెట్టాను. ఆ సాయంత్రం గ్రౌండులో మైకు పట్టుకుని, పోయినేడాది నేను ఏం చేశానో మొత్తం చెప్పాను, ఈసారి తెలుగులో. తెలుగు రానివాళ్లకి జోసెఫ్ హిందీలో చెప్పాడు, నేను చెప్పనివి కొన్ని కలిపి. జనం నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. ఆ రాత్రి ఎవరూ పానా ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకి వెళ్లాను. మావయ్య అప్పటికే స్నానం చేసి, స్టూలు దగ్గర నిలబడి ఉన్నాడు. కూర్చోలేదు. చేతులు లుంగీకి తుడుచుకుంటున్నాడు, అవి పొడిగానే ఉన్నా.

"ఇయ్యి," అన్నాడు.

నేను గుడ్డ మీద నుంచి ఆ పానా రెండు చేతులతో ఎత్తి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని ఓసారి బరువు చూసుకుని, పక్కనున్న సైకిలు మీదికి వంగాడు. నేను ముందురోజు పూజకి ముందు, నా ఏడాది విద్యనంతా పెట్టి బిగించిన నట్టు మీద పానా పెట్టి లాగాడు. అది కదిలింది.

"పావు తిప్పు తక్కువరా," అన్నాడు.

బిగించి, పానా నా చేతికిచ్చాడు. నేను దాన్ని తుడిచి, దాని మేకుకి తగిలించాను.